శత్రువుల పిల్లలకి పుస్తకాలు

మ్యూనిక్ నగరంలో హౌస్ డెర్ కున్స్ట్ అని ఒక పెద్ద రాతి భవనం ఉంది. దాన్ని హిట్లర్ దగ్గరుండి కట్టించాడు. 1937లో తెరిచినప్పుడు దాని పేరులో ‘జర్మన్’ అన్న మాట కూడా ఉండేది. జర్మన్ కళే, అందులోనూ నాజీలకు నచ్చిన జర్మన్ కళే అక్కడ గోడలెక్కాలని ఉద్దేశం. తొమ్మిదేళ్ళ తర్వాత, 1946 జులై 3న, అదే భవనంలో మరో ఎగ్జిబిషన్ మొదలైంది. ఈసారి అక్కడ పెట్టినవి దేశదేశాల పిల్లల పుస్తకాలు, సుమారు 4000. వాటితోపాటు ఆయా దేశాల పిల్లలు తమ చేత్తో వేసిన బొమ్మలు. ఏడాది కిందటి దాకా జర్మనీ ఏ దేశాలతో యుద్ధం చేసిందో, ఆ దేశాల నుంచి కూడా వచ్చాయవి.

నాలుగైదేళ్ళుగా, ఆఫీసు పని అయ్యాక ఖాళీ దొరికినప్పుడల్లా, వేరే దేశాల పిల్లల పుస్తకాల గురించి వెతుక్కుని చదువుతున్నాను. స్వీడన్ వైపు వెళ్ళినా, జపాన్ వైపు వెళ్ళినా, ఇరాన్ వైపు వెళ్ళినా ఎక్కడో ఒకచోట ఒకే పేరు తగిలేది: యెల్లా లెప్‌మన్. ఆ మ్యూనిక్ ఎగ్జిబిషన్ ఆవిడ చేసిందే. 1964లో తన జ్ఞాపకాలని ఒక పుస్తకంగా రాసింది. దాని పేరుకి అర్థం ‘పిల్లల పుస్తకాల వంతెన’. ఇంగ్లీషు అనువాదంలో చదివాను. బాలసాహిత్యం మీద చదివినవాటిలో నన్ను ఇంతగా పట్టుకున్నది ఇంకోటి లేదు. అందులో పిల్లల కంటే పెద్దవాళ్ళే ఎక్కువ కనిపిస్తారు. అందరూ చేతిలో ఫైలు పట్టుకుని, ఇప్పుడు ఇది అవసరమా అని అడిగేవాళ్ళే.

లెప్‌మన్ 1891లో స్టుట్‌గార్ట్‌లో, ఒక యూదు కుటుంబంలో పుట్టింది. చిన్న వయసులోనే భర్త పోయాడు. ఇద్దరు పిల్లల్ని పెంచుకుంటూ జర్నలిస్టుగా పనిచేసింది. నాజీలు వచ్చాక బతుకుతెరువు పోయింది. 1936లో పిల్లలతో ఇంగ్లండు చేరింది. యుద్ధం అయిపోయాక, 1945లో, అమెరికన్ సైన్యం ఆవిడని మళ్ళీ జర్మనీకి పిలిచింది. స్త్రీలు, యువతకు సంబంధించిన విషయాల్లో సలహాదారు ఉద్యోగం. తనని తరిమేసిన దేశానికి, గెలిచినవాళ్ళ యూనిఫాం వేసుకుని తిరిగి వెళ్ళాలి. వెళ్ళాలా వద్దా అని చాలా తటపటాయించింది. పిల్లల సంగతి గుర్తొచ్చి వెళ్ళానని రాసుకుంది. పెద్దవాళ్ళని ఏం చేయాలో తనకి తెలియదు గానీ, పిల్లలు మాత్రం ఏ నేరమూ చెయ్యలేదు కదా అన్నది ఆవిడ లెక్క.

జీపులో కూలిపోయిన ఊళ్ళన్నీ తిరిగింది. పిల్లలకి తిండి లేదు, చెప్పుల్లేవు, చాలామందికి ఇల్లే లేదు. చదవడానికీ ఏమీ లేదు. ఉన్న పుస్తకాలు నాజీల కాలం నాటివి. పన్నెండేళ్ళ పాటు ఆ పిల్లలకి బయటి ప్రపంచపు పుస్తకం దాదాపుగా అందలేదు. కొత్తవి అచ్చువేద్దామంటే కాగితం లేదు. అప్పుడు ఆవిడకి వచ్చిన ఆలోచన, ఇతర దేశాల పిల్లల పుస్తకాలు తెప్పించి ఈ పిల్లలకి చూపించాలని. వాటిని చదవలేకపోయినా బొమ్మలు చూస్తారు.

పై అధికారుల దగ్గర దీనికి డబ్బు లేదు. డబ్బులేకపోతే అడుక్కుందాం అనుకుని ఇరవై దేశాలకి ఉత్తరాలు రాసింది. మీ దేశపు మంచి పిల్లల పుస్తకాలు ఊరికే ఇవ్వండి, మేం జర్మన్ పిల్లలకి చూపిస్తాం అని. ఆ ఉత్తరం అందుకున్నవాళ్ళ స్థానంలో ఉండి ఒకసారి ఆలోచించండి. వాళ్ళ ఊళ్ళ మీద బాంబులు పడి ఇంకా ఏడాది కూడా కాలేదు. వాళ్ళ పిల్లలకే పుస్తకాల్లేవు.

అయినా చాలామంది ఒప్పుకున్నారు. బెల్జియం మాత్రం మొదట కుదరదంది. జర్మనీ తమ మీద రెండుసార్లు దండెత్తిందని గుర్తుచేసింది. లెప్‌మన్ మళ్ళీ రాసింది. మూడోసారి అలా జరగకూడదంటే ఆ పిల్లలకి మీరెవరో తెలియాలి కదా, ఇంకోసారి ఆలోచించండి అని. దానికి బదులుగా బెల్జియం ఒక మంచి పుస్తకాల కట్ట పంపింది. లెప్‌మన్ పుస్తకంలో ఇది చిన్న సంఘటనే. నాకు మాత్రం మొత్తం కథకి ఇదే గుండెకాయ అనిపిస్తుంది. క్షమించడం అని దీన్ని అనలేం. కోపం పోయిందని బెల్జియం ఎక్కడా చెప్పలేదు. కోపం ఉండగానే పుస్తకాలు పంపింది.

‘పిల్లల పుస్తకాలు ఏం చేయగలవండీ’ అని కొంచెం నవ్వుతూ అడిగేవాళ్ళు మనకీ ఉన్నారు. ఆ ప్రశ్నకి జవాబు లెప్‌మన్ కంటే ముందు నాజీలే చెప్పారు. 1938లో జర్మనీలో ‘విషపు పుట్టగొడుగు’ అని ఒక బొమ్మల పుస్తకం వచ్చింది. ఒక తల్లి, ఆవిడ చిన్న కొడుకు అడవిలో పుట్టగొడుగులు ఏరుతుంటారు. ఏది మంచిదో ఏది విషమో తల్లి చెబుతుంటుంది. అక్కణ్ణుంచి మాట మనుషుల మీదికి మళ్ళుతుంది. యూదులు విషపు పుట్టగొడుగుల్లాంటివాళ్ళని, చూడగానే తెలియదని, జాగ్రత్తగా ఉండాలని. రంగురంగుల బొమ్మలు, తేలిక మాటలు, అమ్మ పక్కన కూర్చుని చదువుకునే వయసు పిల్లల కోసం. దాన్ని అచ్చువేసిన యూలియస్ ష్ట్రైఖర్‌ని న్యూరెంబర్గ్ విచారణ తర్వాత 1946 అక్టోబరులో ఉరితీశారు. మ్యూనిక్‌లో ఎగ్జిబిషన్ మొదలైన మూడున్నర నెలలకి.

ఈ రెండు తేదీలనీ పక్కపక్కన పెట్టుకుని చూస్తే, పిల్లల పుస్తకం అమాయకమైన వస్తువు అన్న భ్రమ పోతుంది. బొమ్మల పుస్తకం దేనికైనా పనికొస్తుంది. పక్కింటివాణ్ణి పుట్టగొడుగుని చేయడానికి కూడా. లెప్‌మన్‌కి ఇది బాగా తెలుసు. ఆ పుస్తకం ఎవరి గురించి రాశారో, వాళ్ళలో ఆవిడా ఒకరు.

ఎగ్జిబిషన్ మ్యూనిక్ నుంచి స్టుట్‌గార్ట్, ఫ్రాంక్‌ఫర్ట్, బెర్లిన్ తిరిగింది. మొత్తం మీద పది లక్షల మందికి పైగా చూశారని అంటారు. కూలిపోయిన ఊళ్ళలో, చలిలో, ఖాళీ కడుపులతో అంతమంది వచ్చారు. వచ్చిన పిల్లలకి ఒకటే బాధ: పుస్తకం ఇంటికి తీసుకెళ్ళడానికి లేదు. ఎగ్జిబిషన్‌లో ఉన్నవి ఒక్కొక్క కాపీనే. బెర్లిన్‌కి వచ్చేసరికి క్రిస్మస్ దగ్గరపడింది. పిల్లలకి ఏదో ఒకటి చేతిలో పెట్టి పంపాలి అనుకుంది లెప్‌మన్. మన్రో లీఫ్ రాసిన ‘ఫెర్డినాండ్’ అనే అమెరికన్ కథ ఎంచుకుంది. స్పెయిన్‌లో ఒక ఎద్దు. బలంగా ఉంటుంది, కానీ పోట్లాడడం దానికి ఇష్టం ఉండదు. చెట్టు కింద కూర్చుని పూల వాసన చూస్తుంటుంది. ఎద్దుల పోటీకి లాక్కెళ్ళి బరిలో వదిలినా అక్కడా కూర్చుని ప్రేక్షకుల తలల్లోని పూల వాసనే చూస్తుంది. లెప్‌మన్ రాత్రికి రాత్రి దాన్ని జర్మన్‌లోకి అనువదించింది. వార్తాపత్రిక కాగితం మీద 30,000 కాపీలు వేసి పిల్లలకి ఊరికే పంచారు.

ఎంపిక చూడండి. యుద్ధం చెడ్డదని చెప్పే పాఠం ఒక్కటీ అందులో లేదు. పన్నెండేళ్ళు కవాతులు చేసిన దేశపు పిల్లలకి, పిలిచినా లేవని ఎద్దుని ఇచ్చింది. మిగతాది వాళ్ళకే వదిలేసింది.

ఎగ్జిబిషన్ ముగిశాక ఆ పుస్తకాలు ఎక్కడికి పోవాలి? లెప్‌మన్ లైబ్రరీ కావాలంది. దానికి మళ్ళీ డబ్బు, మళ్ళీ ఫైళ్ళు. చివరికి అమెరికాలోని రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ సాయంతో 1949 సెప్టెంబరు 14న మ్యూనిక్‌లో అంతర్జాతీయ బాలల గ్రంథాలయం తెరిచారు. పిల్లలు వచ్చి చదువుకోవచ్చు, బొమ్మలు వేసుకోవచ్చు, వేరే భాషలు నేర్చుకోవచ్చు, పుస్తకాల మీద వాదించుకోవచ్చు. అదే ఏడాది ‘జంతువుల సమావేశం’ అని ఒక పుస్తకం వచ్చింది. ఆలోచన లెప్‌మన్‌ది, రాసింది ఎరిక్ కెస్ట్‌నర్, బొమ్మలు వేసింది వాల్టర్ ట్రియర్. మనుషులు సమావేశం మీద సమావేశం పెట్టి ఏమీ తేల్చకపోతుంటే జంతువులకి విసుగొస్తుంది. అవే ఒక సమావేశం పెడతాయి. ఎవరూ మాట వినకపోయేసరికి లోకంలో పిల్లలందర్నీ దాచేస్తాయి. అప్పుడు గానీ పెద్దవాళ్ళు సంతకం పెట్టరు. రాసిన కెస్ట్‌నర్ 1933లో బెర్లిన్‌లో తన పుస్తకాల్ని తగలబెడుతుంటే గుంపులో నిలబడి చూసినవాడు. బొమ్మలు వేసిన ట్రియర్ దేశం వదిలి పారిపోయినవాడు. తమాషా కథలా ఉంటుంది కానీ, దాని వెనక ఉన్న ముగ్గురూ అన్నీ చూసినవాళ్ళే.

1951లో మ్యూనిక్‌లో ఒక సమావేశం, దాని ఫలితంగా 1953లో జ్యూరిక్‌లో ఐబీబీవై అనే అంతర్జాతీయ సంస్థ, 1956 నుంచి ఆండర్సన్ పేరిట బాలసాహిత్యానికి అంతర్జాతీయ పురస్కారం. వీటన్నిటి వెనకా ఆవిడే. ఆండర్సన్ పుట్టినరోజు ఏప్రిల్ 2ని 1967 నుంచి అంతర్జాతీయ బాలల పుస్తక దినంగా జరుపుకుంటున్నారు. లెప్‌మన్ 1970లో పోయింది.

ఇంతవరకూ చదివి ఇది మరీ మంచివాళ్ళ కథలా ఉందే అనుకుంటే తప్పులేదు. నాకూ ఒక దశలో అనుమానం వచ్చింది. లెప్‌మన్ జీతం ఇచ్చింది ఆక్రమించుకున్న సైన్యం. ఓడిపోయిన దేశపు బుర్రల్ని మార్చడం ఆ సైన్యం పెట్టుకున్న కార్యక్రమం. రాక్‌ఫెల్లర్ డబ్బు వచ్చేనాటికి కోల్డ్ వార్ మొదలైపోయింది. మరి ఇది కూడా ఒక రకం ప్రచారం కాదా?

ఈ ప్రశ్నకి జవాబు వెతుక్కోవడానికి తెలుగువాళ్ళు మ్యూనిక్ దాకా పోనక్కర్లేదు. అదే కోల్డ్ వార్‌లో అవతలి పక్షం నుంచి మనకీ పుస్తకాలు వచ్చాయి. మాస్కోలో ప్రగతి, తర్వాత రాదుగ ప్రచురణాలయాలు తెలుగులో అచ్చువేసి పంపితే, విశాలాంధ్ర షాపుల్లో అతి తక్కువ ధరకి దొరికేవి. ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి లాంటివాళ్ళు మాస్కోలో ఉండి అనువాదాలు చేశారు. నా వయసు వాళ్ళకి అవి కొత్తగా దొరకలేదు, పెద్దవాళ్ళ అట్టపెట్టెల్లో మిగిలినవి దొరికాయి. నున్నటి కాగితం, మంచులో ఇళ్ళు, తలకి గుడ్డ కట్టుకున్న అవ్వలు, నోరు తిరగని పేర్లు. ఆ పుస్తకాలకి డబ్బుపెట్టిన ప్రభుత్వానికి ఒక ఉద్దేశం ఉంది. ఆ ఉద్దేశం నెరవేరి ఉంటే మన నగరాల్లో ఈపాటికి చాలామంది ఇంజినీర్లు కమ్యూనిస్టులై ఉండాలి. అలా ఏం జరగలేదు. కానీ ఆ తరంలో ఎవర్ని కదిపినా ఏదో ఒక బొమ్మ గురించి చెబుతారు. ఎక్కడో చాలా దూరంలో, మంచులో, తనలాగే అమ్మ చేత తిట్లు తినే పిల్లాడు ఒకడు ఉన్నాడన్న సంగతి వాళ్ళకి మిగిలింది. పంపినవాడి ఉద్దేశం వేరు, అందుకున్న పిల్లాడు తీసుకున్నది వేరు. 1991లో ఆ దేశమే పోయింది, పుస్తకాలు రావడం ఆగిపోయింది. దాంతో ఇంకో సంగతి కూడా తేలింది: వంతెనకి డబ్బు పెట్టేవాడు ఎవడో ఒకడు ఉండాలి. ప్రేమ ఒక్కటీ సరిపోదు.

పరాయి కథ పిల్లాడి దగ్గరికి రావడానికి మన దగ్గర ఇంకో దారి కూడా ఉండేది. 1947 జులైలో మద్రాసు నుంచి మొదలైన చందమామలో గ్రీకు ఇతిహాసాలు ‘భువనసుందరి’, ‘రూపధరుడి యాత్రలు’ అన్న పేర్లతో వచ్చాయి. ఒడిస్యూస్ రూపధరుడయ్యాడు. కొడవటిగంటి కుటుంబరావు గారి తెలుగులో ఆ కథ ఎంత మనదైపోయిందంటే, చదివిన చాలామందికి అది గ్రీకు కథ అని పెద్దయ్యాక గానీ తెలియలేదు. చందమామ డజను భాషల దాకా వెళ్ళింది కాబట్టి, తెలుగులో పుట్టిన పత్రిక ఒకటి ఈ దేశంలో తనే ఒక వంతెన అయింది. ఆ మర్యాద దానికి ఇవ్వాల్సిందే.

కానీ ఈ రెండు దారులూ ఒకటి కావు. రూపధరుడు మన ఇంటికి మన బట్టల్లో వచ్చాడు. అతన్ని ప్రేమించడం తేలిక. రష్యన్ పిల్లాడు తన బట్టల్లోనే, తన పేరుతోనే వచ్చాడు. లెప్‌మన్ పెట్టిన పుస్తకాలైతే భాష కూడా మార్చుకోకుండా వచ్చాయి. ఇది నీది కాదు, వేరేవాళ్ళది, అయినా చూడు, అనే ధైర్యం ఆ ఎగ్జిబిషన్‌లో ఉంది. శత్రువు విషయానికి వస్తే ఆ ధైర్యం లేకుండా కుదరదు. ఎందుకంటే శత్రువు శత్రువుగానే కనిపిస్తూ, అదే సమయంలో పిల్లాడిగా కూడా కనిపించాలి.

దీనికి నాకు దొరికిన గట్టి సాక్ష్యం ఢిల్లీలో ఉంది. 1998 సెప్టెంబరులో ఐబీబీవై మహాసభ ఢిల్లీలో జరిగింది. అంశం: పిల్లల పుస్తకాల ద్వారా శాంతి. అదే ఏడాది మే నెలలో పోఖ్రాన్‌లో మనం అణుపరీక్షలు చేసి ఉన్నాం. ఆ సభలో జపాన్ సామ్రాజ్ఞి మిచికో ప్రసంగించారు. స్వయంగా రాలేదు, వీడియోలో మాట్లాడారు. సిద్ధాంతాలేం చెప్పలేదు. తన చిన్నప్పటి చదువు గురించి చెప్పారు. యుద్ధకాలంలో పల్లెకి తరలిపోయిన చిన్నపిల్ల, చేతిలో నాలుగైదు పుస్తకాలు. అందులో 1936లో జపాన్‌లో పిల్లల కోసం కూర్చిన ప్రపంచ సాహిత్య సంకలనం ఉంది. దాంట్లో కెస్ట్‌నర్ కవిత ఒకటి. అమ్మ కొనుక్కు రమ్మని ఇచ్చిన డబ్బు పారేసుకుని వీధిలో నిలబడిన పిల్లవాడి గురించి. రాబర్ట్ ఫ్రాస్ట్ కవిత కూడా ఉంది. అంటే, అమెరికా విమానాలు జపాన్ మీద బాంబులు వేస్తున్న రోజుల్లో, ఒక జపాన్ అమ్మాయి అమెరికన్ కవి కవిత చదువుకుంటోంది. లోకంలో ఇతరులకీ దుఃఖం ఉంటుందని ఆ పుస్తకాల వల్ల తెలిసిందని ఆవిడ సారాంశం.

ఆ సంకలనం యుద్ధాన్ని ఆపలేకపోయింది. కెస్ట్‌నర్ కవిత హిరోషిమాని కాపాడలేదు. ఈ మాట మొహమాటం లేకుండా ఒప్పుకోవాలి. పిల్లల పుస్తకాల వల్ల యుద్ధాలు ఆగుతాయని ఎవరైనా అంటే నేను నమ్మను. ఆ పుస్తకాల పని అంతకంటే చిన్నది, అంతకంటే ఆలస్యంగా జరిగేది. యుద్ధం అయిపోయాక కూడా మనుషులు బతకాలి కదా. అవతలివాడు పుట్టగొడుగు కాదని అప్పటికే తెలిసినవాళ్ళు ఇటు కొందరు, అటు కొందరు ఉంటే, ఆ తర్వాతి పని మొదలుపెట్టడానికి మనుషులు దొరుకుతారు. లెప్‌మన్ అడిగింది అంతే.

ఇప్పుడు ఆ లైబ్రరీ మ్యూనిక్ శివార్లలో బ్లూటెన్‌బుర్గ్ అనే పాత కోటలో ఉంది. 1983లో అక్కడికి మారింది. ఆరు లక్షలకి పైగా పుస్తకాలున్నాయి. ఏటా ‘వైట్ రేవెన్స్’ పేరుతో లోకం మొత్తం మీద ఓ రెండు వందల కొత్త పుస్తకాలు ఎంచి జాబితా వేస్తారు. ఆండర్సన్ పురస్కారం ఇరాన్ చిత్రకారుడు ఫర్షీద్ మెస్గాలీకి 1974లో వచ్చింది. జపాన్ కవి మిచియో మదోకి 1994లో, చైనా రచయిత త్సావ్ వెన్‌షువాన్‌కి 2016లో వచ్చింది. 2024 దాకా భారతీయులెవరికీ రాలేదు. బహుమతుల కోసం బాధపడ్డం అనవసరం గానీ, వంతెన మీద మనవైపు నుంచి నడక తక్కువగా ఉందన్న సంగతి మాత్రం నిజం. తెలుగు పిల్లాడు స్వీడన్ పిల్లని ఎరుగుతాడు. ‘రైలుబడి’ చదివితే జపాన్ టొట్టో-చాన్‌నీ ఎరుగుతాడు. వాళ్ళు మనవాణ్ణి ఎరగరు.

అయితే నన్ను ఎక్కువగా కలవరపెట్టేది స్వీడన్, జపాన్ కాదు. వాళ్ళతో మనకి తగాదా లేదు. వాళ్ళ పుస్తకాలు చదవడానికి బెల్జియం చూపించిన తెగువ అక్కర్లేదు. లాహోర్‌లో, కరాచీలో ఏడేళ్ళ పిల్లలు ఏ కథలు చదువుకుంటున్నారో మనకి తెలుసా? ఒక్క బొమ్మల పుస్తకమైనా చూశామా? అంత దూరం ఎందుకు, హైదరాబాదులో గోడకి అవతలి ఇంట్లో ఉర్దూ చదువుకున్న తాతగారు ఉంటారు. ఢిల్లీ నుంచి దశాబ్దాల పాటు వచ్చిన ‘ఖిలౌనా’ అనే పిల్లల పత్రిక ఆయన బాల్యం, చందమామ మా నాన్న బాల్యం అయినట్టే. ఒకే వీధిలో ఉండి ఒకరి చందమామ ఒకరికి తెలియదు. వాట్సాప్‌లో మాత్రం ఒకరి గురించి ఒకరికి అన్నీ తెలుసు. అక్కడ రోజూ పుట్టగొడుగుల కథలే.

లెప్‌మన్ దగ్గర మొదట్లో ఉన్నవి చిరునామాలు, టైపు కొట్టడానికి కాగితం, అడగడానికి సిగ్గుపడని స్వభావం. ‘ఖిలౌనా’ పాత సంచికల నుంచి పది కథలు తెలుగులోకి రావాలంటే సైన్యం అనుమతి అక్కర్లేదు. రాక్‌ఫెల్లర్ అక్కర్లేదు. రెండు భాషలూ వచ్చినవాళ్ళు ఇద్దరు, బొమ్మలు వేసేవాళ్ళు ఒకరు, అచ్చుకి కొంత డబ్బు కావాలి. ఆ ఇద్దరూ మన ఊళ్ళోనే ఎక్కడో ఉన్నారు. వాళ్ళకి ఇంకా ఎవరూ ఉత్తరం రాయలేదు.